పైపుకు తగిన లైటర్‌ను ఎంచుకోవడం ఎలా?

పొగ తాగే పైపు కొనేటప్పుడు చెక్క మీది రేఖలను, గిన్నె ఆకారాన్ని, చేతిలో దాని బరువును ఒకటికి రెండుసార్లు పరీక్షించి చూసే మనిషి, దాన్ని వెలిగించే లైటర్ దగ్గరికి వచ్చేసరికి జేబులో ఏది ఉంటే అదే చాలనుకుంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. నా మొదటి బ్రయర్ చెక్క పైపును గాలికి ఆరని నీలిమంట లైటర్‌తో వెలిగిస్తూ వచ్చి, వారం తిరగకుండానే గిన్నె అంచును ఒక పక్క బొగ్గు చేసుకున్నాను. లైటర్‌లో లోపమేమీ లేదు. అది సిగార్ వెలిగించడానికి చేసిన వస్తువు, నేను దాన్ని తగని చోట వాడాను. కొనే ముందు ఏ సంగతులను ఏ వరుసలో చూసుకోవాలో, కొన్న తర్వాత మొదటి కొద్ది రోజుల్లో ఏం చేయాలో ఇక్కడ చెబుతాను. పొగాకు ఆరోగ్యానికి చేటు చేస్తుందనీ, పైపు అందుకు మినహాయింపు కాదనీ తెలిసిన విషయమే. ఇది ఇప్పటికే పైపు తాగుతున్న పెద్దవారి కోసం రాసినది.

1. పైపు ఎలా అంటుకుంటుందో ముందు గమనించండి

సిగరెట్ కొస నోటికి ఎదురుగా అడ్డంగా ఉంటుంది. దాని కింద మంట పెడితే చాలు, మంట తన స్వభావం కొద్దీ పైకి లేచి కొసను తాకుతుంది. పైపు సంగతి దీనికి తలకిందులు. గిన్నె నోరు ఆకాశం వైపు తెరుచుకుని ఉంటుంది, పొగాకు అంచు కంటే కాస్త దిగువన ఉంటుంది, మంటేమో పైకే పోతానంటుంది. కాబట్టి మంటను గిన్నె మీదికి తెచ్చి, గొట్టం గుండా గాలిని మెల్లగా లాగుతూ, ఆ లాగుడుకు మంట కిందికి వంగి పొగాకు మీద పడేలా చేయాలి. పైపు లైటర్‌కు ఉండవలసిన లక్షణాలన్నీ ఈ ఒక్క పనిలోంచే పుడతాయి.

ఆ పని ఒక్కసారితో అయిపోయేదీ కాదు. మొదటిసారి మంటను పొగాకు పైభాగమంతటా గుండ్రంగా తిప్పుతూ పైపొరను కమిలేలా చేస్తారు. వేడి తగలగానే పొగాకు ఉబ్బి, మెలికలు తిరిగి, గిన్నె అంచు పైకి కూడా లేస్తుంది. దీన్ని చారింగ్ లైట్ అంటారు. ఇది తరచూ తనంతట తానే ఆరిపోతుంది, ఆరిపోనివ్వాలి కూడా. ఆ తర్వాత ట్యాంపర్‌తో, అంటే పొగాకును అదిమే చిన్న పనిముట్టుతో, ఆ కమిలిన పొరను తేలికగా అదిమి చదును చేసి, రెండోసారి అదే విధంగా మంటను తిప్పితే అప్పుడు నిప్పు నిజంగా రాజుకుంటుంది. పొగాకు కాస్త చెమ్మగా ఉన్నా, కూరడం బిగుసుకుపోయినా, మాటల్లో పడి లాగడం మరచిపోయినా మధ్యలో ఆరిపోతుంది, మళ్ళీ వెలిగించాలి. ఒక గిన్నె పొగాకు పూర్తయ్యేలోగా మూడు నాలుగుసార్లు లైటర్ తీయడం అనుభవజ్ఞులకు కూడా మామూలే, అందులో చిన్నతనమేమీ లేదు.

ప్రతిసారీ మంట దాదాపు ఐదు నుంచి పది సెకన్ల పాటు నిలకడగా వెలగాలి. ఆ సమయమంతా లైటర్ నిటారుగా కాక పక్కకు ఒరిగి ఉంటుంది. రెండో చెయ్యి పైపును పట్టుకుని ఉంటుంది గనుక అన్నీ ఒక్క చేత్తోనే జరగాలి. ఆపైన గిన్నె లోపలి వ్యాసం చాలా పైపుల్లో రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి మంట ఆ వృత్తంలోనే ఉండాలి, చెక్కను తాకకూడదు. ఇకపై ఏ లైటర్‌ను చూసినా ఈ నాలుగు విషయాలనే గుర్తు పెట్టుకుని చూడండి.

2. మంట రకాన్ని నిర్ణయించుకోండి

మెత్తని పసుపు మంట, జెట్ లేదా టార్చ్ అనే నీలిమంట అని లైటర్ మంటలు ప్రధానంగా రెండు రకాలు. పైపుకు పసుపు మంటే కావాలని నిస్సంకోచంగా చెబుతాను, అయితే కారణం తెలియకపోతే దుకాణంలో మనసు మారిపోతుంది కాబట్టి కాస్త వివరిస్తాను.

పసుపు మంటలో ఇంధనం బయటికి వచ్చాకే చుట్టూ ఉన్న గాలితో కలిసి కాలుతుంది. పూర్తిగా కాలని సన్నని కర్బన రేణువులు వేడికి మెరవడం వల్లే ఆ పసుపు రంగు వస్తుంది. అందులో వాయువు మెల్లగా పైకి లేస్తుంది తప్ప దూసుకురాదు, అందుకే మీరు గొట్టం గుండా లాగగానే మంట మాట విన్నట్టుగా కిందికి వంగుతుంది. జెట్ లైటర్‌లో ఇంధనం సన్నని రంధ్రం గుండా వేగంగా దూకుతూ, దారిలోనే గాలిని కలుపుకుని వచ్చి కాలుతుంది. ఆ మంట వేడి వెయ్యి డిగ్రీల సెల్సియస్‌ను సులభంగా దాటుతుంది. పసుపు మంట కూడా చల్లనిదేమీ కాదు. అసలు తేడా ఏమిటంటే జెట్ మంట ఆ వేడినంతా ఒక్క బిందువు మీదికి వేగంగా చిమ్ముతుంది, పైగా మీ లాగుడుకు అది వంగదు. మీరు ఎటు గురిపెడితే అటే పోతుంది, గురి అర అంగుళం తప్పితే అక్కడ ఉండేది గిన్నె అంచు. చెక్క మూడు వందల డిగ్రీలకు చేరకముందే బొగ్గుగా మారడం మొదలవుతుందన్నది గుర్తుంటే, సెకను పాటు గురి తప్పినా ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

పొగాకుకూ దీనివల్ల నష్టమే. పైపు పొగాకు చల్లగా, నెమ్మదిగా కాలినప్పుడే దాని రుచి తెలుస్తుంది. జెట్ మంట తగిలిన చోట నిప్పు లోతుగా, వేడిగా అంటుకుని, నాలుకను చురుక్కుమనిపించే పొగ వస్తుంది. ఒక పక్క కాలి మరో పక్క కాలకుండా మిగిలిపోవడం కూడా ఎక్కువ.

పైపు దేనితో చేసిందన్నదాన్ని బట్టి ఈ జాగ్రత్త తీవ్రత కొంత మారుతుంది. బ్రయర్ అంటే మధ్యధరా ప్రాంతంలో పెరిగే ఒక పొద వేరు దగ్గరి గడ్డ నుంచి తీసిన చెక్క. వేడికి బాగా తట్టుకుంటుంది, కానీ అంచు దగ్గర నేరుగా మంట తగిలితే అదీ కాలుతుంది. మెరుగు పూత ఉన్న పైపైతే ఆ పూత పొక్కులు లేస్తుంది. మీర్‌షామ్ ఖనిజం కాలదు గానీ దాని తెల్లని అంచు మీద మసి మరక పడితే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొక్కజొన్న కండెతో చేసిన పైపు అంచు అన్నిటికంటే త్వరగా కాలుతుంది, అయితే అది చవకైనది గనుక కొత్త లైటర్‌తో చెయ్యి తిప్పుకోవడానికి అంతకంటే మంచిది లేదు. మట్టి పైపుకు మంట భయం లేదు, వేళ్ళు కాలే భయమే.

విద్యుత్తుతో నడిచే ఆర్క్ లైటర్ల గురించి ఒక్క మాట. వాటి నిప్పురవ్వ రెండు కొసల మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీలోనే ఉంటుంది, గిన్నె లోపలికి దిగదు, లాగితే రాదు. పైపు కోసం వాటిని పరిశీలించనక్కరలేదు.

3. మంట ఏ దిశగా వస్తుందో చూడండి

ఇది చాలామంది ఆలోచించని విషయం, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. మామూలు లైటర్‌లో మంట నిలువుగా పైకి వస్తుంది. దాన్ని గిన్నెలోకి దింపాలంటే లైటర్‌ను దాదాపు అడ్డంగా, కొన్నిసార్లు ఇంకా కిందికి వంచాలి. అప్పుడు మంట వెనక్కి తిరిగి లైటర్ నోటినీ, మీ బొటనవేలినీ నాకుతుంది. ఐదు సెకన్లకే లోహపు తొడుగు వేడెక్కుతుంది, వేలు ఉలిక్కిపడి వెనక్కి వస్తుంది, మంట ఆరిపోతుంది. అలా మూడుసార్లు జరిగితే తప్పు పొగాకుదని అనుకుంటాం.

పైపు కోసం ప్రత్యేకంగా చేసిన లైటర్లలో మంట పక్క నుంచి, ఏటవాలుగా వస్తుంది. లైటర్‌ను సహజంగా పట్టుకుని కొద్దిగా వంచితే చాలు, మంట గిన్నె మధ్యకు చేరుతుంది, చెయ్యి మాత్రం మంటకు పక్కగా, దూరంగా ఉంటుంది. జపాన్‌లో తయారయ్యే ఐ.ఎం. కరోనా వారి ఓల్డ్ బాయ్ ఈ తరహాకు ప్రసిద్ధమైన ఉదాహరణ. పక్కగా వచ్చే మెత్తని మంట, రాయితో నిప్పు పుట్టించే పద్ధతి, లైటర్‌లోనే ఇమిడి ఉండే ట్యాంపర్, ఇవన్నీ ఒకే చోట ఉండటంతో పైపు తాగేవారిలో దానికి చాలాకాలంగా మంచి పేరుంది. అది ఖరీదైన వస్తువే. అయితే అదే పద్ధతిలో పక్కకు మంట వచ్చే చవకైన లైటర్లు కూడా ఉన్నాయి. ఉదాహరణకు, స్పెయిన్‌లో పుట్టిన క్లిప్పర్ అనే, మళ్ళీ నింపుకోగల లైటర్‌లో పైపు కోసం చేసిన రకం కూడా ఉంది. క్లిప్పర్‌లో రాయి ఉండే గొట్టం చేతికి ఊడి వస్తుంది, అవసరానికి దాని కొసతోనే పొగాకు అదుముకోవచ్చు కూడా.

దిశ సమస్యను మరోలా పరిష్కరించిన లైటర్ కూడా ఒకటుంది, నాకు దానిపై కొంత పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను. ఆస్ట్రియాకు చెందిన ఇమ్‌కో పేరుతో వచ్చిన పెట్రోలు లైటర్లలో వత్తితో సహా లోపలి ఇంధనపు గొట్టం బయటికి జారి వస్తుంది. వెలిగించాక దాన్ని చేతిలోకి తీసుకుని అగ్గిపుల్లలా ఎటు కావాలంటే అటు వంచి వాడుకోవచ్చు. రేకుతో చేసిన సాదా వస్తువు, అందులో ఎంత తెలివి ఉందో!

పారవేసే చవక లైటర్ ఉంటే దాన్ని తీసిపారేయకండి. దాని మంట మెత్తనిదే, పసుపుదే. దిశ ఒక్కటే లోపం. లైటర్‌ను బాగా వంచడానికి బదులు పైపును కొద్దిగా మీ వైపు ఒంచి, మంటను గిన్నె అంచుకు పైన అడ్డంగా పెట్టి, చిన్న చిన్న లాగుళ్ళతో మూడేసి సెకన్లే వెలిగించి, లోహపు తొడుగు చల్లబడనిచ్చి మళ్ళీ వెలిగిస్తే పని జరుగుతుంది. అంచు మీద మసి మాత్రం తప్పదు.

4. ఇంధనాన్ని ఎంచుకోండి

బ్యూటేన్ గ్యాసా, నాఫ్తా అనే ద్రవ ఇంధనమా అన్నది తర్వాతి ప్రశ్న. రుచి విషయంలో బ్యూటేన్‌దే పైచేయి. శుద్ధమైన బ్యూటేన్ నుంచి పొగాకు రుచిలో చెప్పుకోదగ్గ వాసన కలవదు, నింపిన గ్యాస్ వాడకపోతే నెలల తరబడి అలాగే ఉంటుంది. దాని బలహీనత చలి. బ్యూటేన్ సున్నా డిగ్రీలకు అర డిగ్రీ దిగువన మరుగుతుంది, అంటే వాతావరణం సున్నా దగ్గరికి వచ్చేసరికి ద్రవం ఆవిరిగా మారడానికి మొరాయిస్తుంది, మంట పీలగా వస్తుంది లేదా రానే రాదు. అలాంటప్పుడు లైటర్‌ను కోటు లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా ఉంచుకుంటే సరిపోతుంది.

నాఫ్తా లైటర్ అనగానే గుర్తొచ్చేది జిప్పో. 1932లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, బ్రాడ్‌ఫర్డ్‌లో జార్జ్ బ్లైస్‌డెల్ స్థాపించిన ఆ సంస్థ, లైటర్ పనిచేయకపోతే ఉచితంగా బాగుచేసి ఇస్తామన్న హామీతో పేరు తెచ్చుకుంది. లోపల పత్తిలాంటి ఉండలు ఇంధనాన్ని పీల్చుకుని ఉంటాయి, వత్తి దాన్ని పైకి తెస్తుంది, వత్తి చుట్టూ రంధ్రాలున్న లోహపు గూడు గాలిని అడ్డుకుంటుంది. ఆ గూటికి పక్కన గుండ్రని పెద్ద రంధ్రం ఉన్న పైపు రకం కూడా జిప్పోలో ఉంది. వెలిగించిన లైటర్‌ను పక్కకు వంచి, ఆ రంధ్రం గిన్నె నోటికి ఎదురుగా వచ్చేలా పట్టుకుని లాగితే మంట రంధ్రం గుండా లోపలికి దిగుతుంది. గాలిలో, చలిలో దీనికి సాటి వచ్చేది తక్కువ.

అయితే నాఫ్తాకు వాసన ఉంది. కొందరికి అది పొగాకులో అసలు తెలియదు, కొందరికి మొదటి నాలుగు లాగుళ్ళూ పాడైపోతాయి. మీరు ఏ కోవకు చెందుతారో పరీక్షించి తెలుసుకోవడమే తప్ప వేరే దారి లేదు. వెలిగించిన తర్వాత రెండు మూడు సెకన్లు ఆగి, మంట స్థిరపడ్డాకే గిన్నె దగ్గరికి తెస్తే వాసన తగ్గుతుంది. ఇంకో చిక్కు, ఈ ఇంధనం వాడకపోయినా ఆవిరైపోతుంది. నింపి పక్కన పెట్టిన లైటర్ వారం పది రోజుల్లో ఎండిపోయి కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. వారానికి ఒకటి రెండు గిన్నెలు మాత్రమే తాగేవారికి నాఫ్తా లైటర్ వాడకం కంటే నింపుడే ఎక్కువ పని అవుతుంది. రోజూ ఆరుబయట తాగేవారికి అది లెక్కలోకి రాని ఇబ్బంది.

నా సలహా ఇది. ఎక్కువగా ఇంట్లోనో, గాలి తగలని వరండాలోనో తాగేవారు బ్యూటేన్ పసుపు మంట తీసుకోండి. నడకలో, పడవ మీద, కొండ మీద తాగేవారు పక్కన రంధ్రమున్న నాఫ్తా లైటర్ తీసుకోండి. గాలి కోసమని జెట్ లైటర్ కొనాలన్న కోరిక పుడితే, ముందు అరచేతిని గిన్నె చుట్టూ గొడుగులా పట్టి వెలిగించడం సాధన చేసి చూడండి, చాలాసార్లు ఆ కోరిక అక్కడే తీరుతుంది.

5. నిప్పు ఎలా పుడుతుందో అడగండి

లైటర్‌లోని రాయిని మనం చెకుముకి రాయి అనుకుంటాం గానీ అది నిజానికి రాయి కాదు, ఫెర్రోసీరియం అనే మిశ్రలోహం. 1903లో ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ దానికి పేటెంట్ పొందాడు. గరుకు చక్రం దాన్ని గీరినప్పుడు రాలే రేణువులు గాలి తగలగానే మండి రవ్వలవుతాయి. రాయి అరిగిపోతుంది, కానీ కొత్తది వేసుకోవచ్చు, అది చవక. ఈ పద్ధతి ఉన్న మంచి లైటర్ దశాబ్దాలు పనిచేస్తుంది.

రెండో పద్ధతి పీజో. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని పియర్, జాక్ క్యూరీ సోదరులు 1880లో కనుగొన్న ధర్మం ఆధారంగా, చిన్న సుత్తిలాంటి భాగం స్ఫటికాన్ని కొట్టి రవ్వను పుట్టిస్తుంది. రాయి మార్చే బాధ లేదు, నొక్కితే చాలు. కానీ అది పాడైన రోజున ఇంట్లో బాగుచేసుకోగలిగేది ఏమీ ఉండదు. సముద్రమట్టానికి చాలా ఎత్తైన చోట్ల కొన్ని పీజో లైటర్లు మొరాయించడం కూడా ఉంది. ఎక్కువకాలం ఉంచుకోవాలనుకుంటే రాయి ఉన్నదే తీసుకోండి, అయితే ఆ రాయి అన్ని చోట్లా దొరికే మామూలు పరిమాణమా, లేక ఆ తయారీదారు దగ్గర మాత్రమే దొరికేదా అన్నది కొనే ముందే అడిగి తెలుసుకోండి.

6. చేతిలోకి తీసుకుని పరీక్షించండి

దుకాణంలో లైటర్‌ను గాజు పెట్టె లోంచి బయటికి తీయించి, నిజంగా పైపు వెలిగిస్తున్నట్టుగా పట్టుకోండి. ఎడమ చేతి వేళ్ళను గిన్నెలా చుట్టి, కుడి చేత్తో లైటర్‌ను దాని మీదికి వంచి, బొటనవేలు మీట మీద పది సెకన్ల పాటు నొక్కి ఉంచండి. వేలు నొప్పి పుట్టినా, మీట జారినా, మణికట్టు వికారంగా తిరిగినా ఆ లైటర్ మీది కాదు, అది ఎంత అందంగా ఉన్నా సరే. ఎడమ చేతివాటం ఉన్నవారు ఇది మరీ శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే పక్క మంట లైటర్లలో చాలావరకు కుడి చేతిని దృష్టిలో పెట్టుకునే చేస్తారు.

వెలిగించి చూపమని అడగండి. పదిసార్లు వెలిగిస్తే తొమ్మిదిసార్లయినా మొదటి ప్రయత్నంలోనే అంటుకోవాలి. మంట ఎత్తును మార్చే మర సాఫీగా తిరగాలి, తిప్పినప్పుడు మంట మెల్లగా పెరగాలి గానీ ఒక్కసారిగా ఎగరకూడదు. లైటర్‌ను నిటారుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి వెలిగించి, అడ్డంగా ఉన్నప్పుడు మంట చిటపటలాడుతుందేమో, బాగా పెరుగుతుందేమో గమనించండి. వంచినప్పుడు ద్రవ గ్యాస్ నేరుగా రంధ్రంలోకి వచ్చే లైటర్లు అలా ప్రవర్తిస్తాయి, పైపుకు అవి ప్రమాదకరం. ఇంధనం ఎంత ఉందో చూపే చిన్న కిటికీ ఉంటే మంచిది, లేకపోయినా పెద్ద లోపం కాదు.

లైటర్‌లోనే ట్యాంపర్ ఇమిడి ఉండటం చూడముచ్చటగా ఉంటుంది, విడిగా ఉన్నది ఇంట్లో మరచిపోయిన రోజున ఉపయోగపడుతుంది కూడా. కానీ అప్పుడే మంట ఆపిన లైటర్ వేడిగా ఉంటుంది, దాన్ని తిరగేసి పొగాకు అదుముతుంటే బూడిద రేణువులు మీటల్లోకీ రంధ్రంలోకీ పోతాయి. నేను చివరికి విడి ట్యాంపర్‌కే వచ్చాను.

భద్రతకు సంబంధించి ఐఎస్‌వో 9994 అనే అంతర్జాతీయ ప్రమాణం లైటర్ల మంట ఎత్తు, కింద పడినప్పటి గట్టితనం, వేడికి తట్టుకోవడం వంటివాటికి హద్దులు పెట్టింది. పెట్టె మీద ఆ గుర్తు ఉందేమో చూసుకోవడం క్షణం పని. పాత, వాడిన లైటర్ కొనేటట్లయితే లోపలి రబ్బరు వాషర్లు ఎండిపోయి ఉంటాయని ముందే అనుకోండి. గ్యాస్ నింపించి, చెవి దగ్గర పెట్టుకుని సన్నని బుస వినిపిస్తుందేమో విని, ఒక రాత్రి ఆగి మళ్ళీ వెలిగించి చూశాకే డబ్బు చెల్లించండి. వీటికి విడిభాగాలు దొరక్కపోతే అది బల్ల మీద అలంకారంగా మిగులుతుంది.

7. ఇంటికి తెచ్చాక నింపడం, మంట సర్దడం

బ్యూటేన్ లైటర్ సరిగా వెలగడం లేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం నింపే పద్ధతిలోనే ఉంటుంది. ముందుగా మంట మరను అతి తక్కువకు తిప్పండి. లైటర్‌ను తలకిందులుగా కాక నిటారుగా పట్టుకుని, అడుగున ఉన్న కవాటాన్ని సన్నని స్క్రూడ్రైవర్ కొసతో నొక్కి, బుస ఆగేదాకా లోపలి గాలినీ పాత గ్యాస్‌నూ వదిలేయండి. ఈ ఒక్క పనిని మానేస్తే లోపల గాలి మిగిలిపోయి, ఎంత గ్యాస్ పోసినా మంట లేచి వెంటనే ఆరిపోతుంది. తర్వాత లైటర్‌ను తలకిందులు చేసి, గ్యాస్ డబ్బాను కూడా తలకిందులుగా నిట్టనిలువుగా పెట్టి, గట్టిగా నొక్కి ఐదారు సెకన్లు ఉంచండి. డబ్బాను పైకీ కిందికీ పంపులా కొట్టకండి, దానివల్ల గ్యాస్ బయటికి పోవడమే తప్ప లోపలికి పోదు.

నింపిన వెంటనే లైటర్ చల్లగా ఉంటుంది, చుట్టూ చిందిన గ్యాస్ ఉంటుంది. బ్యూటేన్ గాలి కంటే దాదాపు రెండు రెట్లు బరువు, అది బల్ల మీదా నేల మీదా పరుచుకుంటుంది. కాబట్టి కిటికీ తెరిచిన చోట, పొయ్యికీ వెలుగుతున్న పైపుకూ దూరంగా ఈ పని చేసి, ఐదు నిమిషాలైనా ఆగి అప్పుడు వెలిగించండి. మంటను రెండు, రెండున్నర సెంటీమీటర్ల ఎత్తుకు సర్దండి. అంతకంటే పొడవు మంట గిన్నెలో ఇమడదు, అంచును నాకుతుంది. ఇంధనంలో మాత్రం పొదుపు వద్దు. మురికి గ్యాస్ సన్నని రంధ్రాన్ని మూసేస్తుంది, ఆ తర్వాత ఖరీదైన లైటర్ కూడా చవకదానిలాగే ప్రవర్తిస్తుంది.

రవ్వ వస్తూ మంట రాకపోతే గ్యాస్ అయిపోయిందో రంధ్రం మూసుకుపోయిందో చూడండి, పొడి గాలిని ఊది దుమ్ము తీసేయండి. రవ్వే రాకపోతే రాయి అరిగింది లేదా చక్రం పళ్ళలో పొడి పేరుకుంది, పాత టూత్‌బ్రష్ చాలు. రాయి మార్చేటప్పుడు మర ఊడదీయగానే లోపలి స్ప్రింగు ఎగిరిపోతుంది, వేలు అడ్డం పెట్టుకునే తిప్పండి. నేను ఒకటి సోఫా కింద పోగొట్టుకున్నాను, అది ఇప్పటికీ దొరకలేదు.

ఎండలో నిలిపిన కారులో లైటర్ వదిలేయకండి, యాభై డిగ్రీలు దాటిన వేడిలో వీటిని ఉంచవద్దని తయారీదారులే హెచ్చరిస్తారు. విమాన ప్రయాణమైతే గ్యాస్ డబ్బాను ఏ సామానులోనూ తీసుకువెళ్ళనివ్వరు, లైటర్‌కు నియమాలు దేశాన్ని బట్టి మారతాయి, టికెట్ తీసుకున్న సంస్థ నియమాలను ముందే చదువుకోండి. గమ్యం చేరాక ఒక అగ్గిపెట్టె కొనుక్కోవడం అన్నిటికంటే సులువు. అగ్గిపుల్ల పైపుకు మంచి స్నేహితురాలు. అయితే తల మీది మందు పూర్తిగా మండి, కేవలం పుల్ల మిగిలిన తర్వాతే గిన్నె దగ్గరికి తేవాలి, లేకపోతే గంధకం వాసన పొగలో కలుస్తుంది.

8. మొదటి మూడు గిన్నెలు

కొత్త లైటర్‌ను మీకు ప్రియమైన పైపు మీద మొదలుపెట్టకండి. కండె పైపో, పాత పైపో తీసుకుని, పొగాకును అంచుకు ఐదారు మిల్లీమీటర్లు దిగువ వరకే నింపి, అద్దం ముందు నిలబడి వెలిగించండి. మంట ఎక్కడ పడుతుందో మనకు మనం చూసుకోలేం, అద్దంలో కనిపిస్తుంది. మంటను గిన్నె మధ్యన మొదలుపెట్టి అంచుల వైపు గుండ్రంగా తిప్పండి, అంచు నుంచి మధ్యకు కాదు. లాగుళ్ళు పొట్టిగా, తేలికగా ఉండాలి. బలంగా లాగితే మంట కిందికి దిగే మాట నిజమే గానీ వేడి నిప్పు కూడా నాలుక దాకా వస్తుంది.

ప్రతి గిన్నె తర్వాత పైపు పూర్తిగా చల్లబడ్డాక అంచును తడి గుడ్డతో తుడిచి చూడండి. నలుపు గుడ్డకు అంటుకుని చెక్క రంగు బయటపడితే అది మసి మాత్రమే, మంటను కొంచెం తగ్గించి, మధ్యకు జరిపితే చాలు. తుడిచినా నలుపు పోకుండా, గోటికి గరుకుగా తగిలితే చెక్క కాలిందన్నమాట. అప్పుడు మంట ఎత్తునూ, చేతి కోణాన్నీ మార్చి మళ్ళీ మూడు గిన్నెలు అదే పాత పైపులో వెలిగించండి. నా మొదటి బ్రయర్ అంచు మీది మచ్చ గరుకు కాగితంతో రుద్దితే సగం పోయింది. మిగతా సగం ఇప్పటికీ నా బొటనవేలికి తగులుతూనే ఉంటుంది.